గాజులు మోగని కారు

ఆ ఆదివారం ఉదయం గుంటూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు లోపల ఉన్నవాళ్లం నలుగురం: మా అక్క, మా బావ, ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని, నేను. ఉన్న వస్తువులు ఇవి. పదకొండేళ్ల వయసున్న నల్లటి జర్మనీ కారు ఒకటి. దాని కంప్యూటరుకు తగిలించి లోపాలు చదివే స్కానరు. రేకు మీద రంగు మందం కొలిచే మీటరు. టార్చి. నాలుగు పేజీల తనిఖీ పట్టిక. బావ చంకలో, పాత పంచెలో చుట్టిన పట్టుచీర. అక్క రెండు చేతులకీ నిండుగా మట్టిగాజులు.

స్కానరు నుంచి పట్టిక దాకా నావి. చీర, గాజులు అక్క సరంజామా.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. చీరాలలో చేనేత ఇంటి కోడలు. బావ వాళ్లు చీరలు నేస్తారు, అమ్ముతారు. మంగళగిరి, గుంటూరు దుకాణాలకు సరుకు వేయడానికి వ్యాను కొన్నప్పుడు ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాదు. బావకి స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు. అక్క నేర్చుకుంది. వ్యాను నడిపింది, తర్వాత గుంటూరులో ఒక ట్రావెల్స్‌లో కారు నడిపింది. ఒకసారి పెళ్లికి వెళ్లాల్సిన డ్రైవరు రాకపోతే అక్కని పంపారు. ఆ పెళ్లికూతురి తల్లి మర్నాడు ఫోన్ చేసి, తన చెల్లెలి కూతురి పెళ్లికి కూడా ఆ అమ్మాయే రావాలంది. అలా మొదలై, అప్పగింతలయ్యాక పెళ్లికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్లే పని పూర్తిగా అక్కదే అయింది. కారు ట్రావెల్స్ యజమానిది, పేరు అక్కది.

ఆ ఏడాది మాఘమాసానికి ముందు అక్క ఆ ఉద్యోగం మానేసింది. సొంత కారు కొని పెళ్లిళ్లకు తిప్పాలని. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకు చాలా ఇళ్లవాళ్లు ఆమె మాట మీద ఒప్పుకున్నారు. మాటలన్నీ అయిపోయాయి, కారే ఇంకా లేదు. పెళ్లికూతురి కారు అంటే చిన్న కారు కుదరదు. పెద్దది, పొడుగుది, చూడగానే నలుగురూ పక్కకు తప్పుకునేది కావాలి. అలాంటి కార్లు కొత్తవి కొనేవాళ్లు వేరు. పదేళ్లు దాటాక అవి మాబోటి వాళ్ల అందుబాటులోకి వస్తాయి. అప్పటికీ వాటి దర్జా తగ్గదు, విడిభాగాల ఖరీదూ తగ్గదు. అందులో తప్పు కారు తీసుకుంటే అక్క మళ్లీ ట్రావెల్స్‌కి వెళ్లి తాళం అడగాలి. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. బావ నాతో విడిగా అన్నాడు.

నేను మెకానికల్ చదివి మంగళగిరి దగ్గర ఒక ఆఫీసులో యంత్రభాగాల డ్రాయింగులు గీస్తాను. అందుకని కారు చూసిపెట్టమన్నారు. ప్రకటనలు వడపోసి రెండు కార్ల దగ్గరికి తెచ్చాను. ఒకటి ఈ నల్లది. రెండోది ఒంగోలులో, ముత్యపు తెలుపు రంగు, జపాను కారు, వయసులో నల్లదానికంటే ఏడాది పెద్దది.

నల్ల కారు బోనెట్ ఎత్తగానే నాకు ముచ్చటేసింది. ఇంజనుకు ఎక్కడా నూనె చెమ్మ లేదు. రబ్బరు పైపులు మెత్తగా, పగుళ్లు లేకుండా ఉన్నాయి. తీసిన ప్రతి బోల్టూ తిరిగి సరైన బిగువుతో పెట్టారని వాటి తలల మీద చెక్కుచెదరని అంచులే చెబుతున్నాయి. రంగు మందం చుట్టూ ఒకేలా వచ్చింది. స్కానరులో ఒక్క లోపమూ లేదు. ఎవరో జర్మనీలో కూర్చుని ఒక తలుపు ఎంత బరువుగా మూసుకోవాలి, మూసుకున్నప్పుడు ఎలాంటి చప్పుడు రావాలి అని ఏళ్ల తరబడి ఆలోచించారు. పదకొండేళ్ల తర్వాత కూడా ఆ చప్పుడు అలాగే ఉంది. నేను ఆ తలుపు అవసరం లేకుండా మూడుసార్లు వేశాను.

"ఏరా ఇంజినీరూ, తలుపు కొంటున్నావా, కారు కొంటున్నావా?" అంది అక్క.

ఆమె తనిఖీ తర్వాత మొదలైంది. బావ పంచె విప్పి చీర తీశాడు. వెడల్పాటి జరీ అంచు ఉన్నది, బరువైనది. అక్క దాన్ని కట్టుకున్న చీర మీదే చుట్టుకుని, కుచ్చిళ్లు పట్టుకుని వెనక సీటులోకి ఎక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది. ప్రతిసారీ బావ వంగి, గడప మీద, సీటు అంచు మీద, బెల్టు బకిల్ మీద జరీ ఎక్కడ తగులుతోందో చూశాడు. ఒక పోగు లేచినా ఆయన కంటికి ఆనుతుంది. అది ఆయన వృత్తి.

"ఎక్కడా పట్టలేదే. గడప నున్నగా ఉంది," అన్నాడు.

యజమానికి ఇదంతా వింతగా ఉంది. "అమ్మాయ్, నేను పదకొండేళ్ల నుంచి లుంగీలో ఎక్కి దిగుతున్నా. నాకెప్పుడూ పట్టలేదు," అన్నాడు.

"మీ లుంగీకి జరీ లేదు గదా బాబాయి గారూ."

ఆయన గట్టిగా నవ్వాడు. తర్వాత అక్క నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమంది. తను, బావ వెనక. యజమాని నా పక్కన. చిలకలూరిపేట వైపు హైవే ఎక్కాం. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇది ఆమె పద్ధతి. పెళ్లికూతురి చేతి నిండా గాజులుంటాయి. కారు అదిరిన ప్రతిసారీ అవి గలగలమంటాయి. డ్రైవరు సీట్లో ఉన్న అక్కకు వెనక అద్దంలో పెళ్లికూతుర్ని చూడటం ఇష్టముండదు. ఏడుస్తున్న మనిషి ముఖంలోకి తొంగిచూడటం మర్యాద కాదంటుంది. గాజులు వింటుంది. గాజులు మోగకుండా నడిపితే బాగా నడిపినట్టు. రోడ్డు మీద ప్రతి వంతెన అతుకూ, ప్రతి గుంతా ఆమెకు ఆ చప్పుడుతోనే గుర్తు.

నా ఫోనులో కుదుపులు కొలిచే ఒక యాప్ ఉంది. దాన్ని సీట్ల మధ్య టేపుతో అంటించాను. వంతెన అతుకుల మీద నల్ల కారు టకటకమంది. పంక్చరైనా నడిచేలా గోడలు గట్టిగా చేసిన టైర్లు దానివి, అందుకని చిన్న అతుకులు కూడా లోపలికి తెలుస్తాయి. గాజులు మోగాయి. ఫోనులో గీత కూడా అదే క్షణంలో లేచింది. దిగాక ఆ గీతలు అక్కకి చూపించాను. "ఇది ఫ్లైఓవర్, ఇది కాలవ వంతెన," అని ఆమె ఏ గీత ఏ అతుకో వేలితో చూపించింది. ఒక్కటీ తప్పలేదు. మామూలు టైర్లు వేస్తే సగం తగ్గుతుందని చెప్పాను. సరే, రాసుకో అంది.

కాని ఆ టైర్ల మాట తిరిగొచ్చి దిగాక అనుకున్నది. వెళ్లేటప్పుడే ఇంకొకటి జరిగింది.

ఎండ ఎక్కుతుంటే యజమాని ఏసీ పెంచాడు. "వెనక సీటుకి విడిగా ఏసీ ఉందమ్మా, చూడండి ఎట్టా కొడుతుందో," అని గర్వంగా చెప్పాడు. నిజంగానే బాగా కొట్టింది. కాసేపటికి వెనక బావ తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. తర్వాత అక్కకు పొలమారింది.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా," అన్నాడు యజమాని.

"ఊరంతా తలుచుకుంటున్నారా ఏంది?" అంది అక్క దగ్గుల మధ్య. "ఒరేయ్, ఆపరా ఆ ఏసీ. కళ్లు మండుతున్నాయి."

అద్దంలో చూస్తే ఇద్దరి కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. బావ జరీ అంచుతో తుడుచుకోబోయి, గుర్తొచ్చి పంచెతో తుడుచుకున్నాడు. ముందు సీట్లలో ఉన్న మాకిద్దరికీ ఏమీ లేదు. నేను గాలి గట్టిగా పీల్చి చూశాను. యజమాని పీల్చాడు.

"ఏముందిరా అబ్బాయ్? నీకేమన్నా తెలుస్తుందా?"

"ఏమీ లేదండి."

"నాకూ ఏమీ లేదు."

"మీకెట్టా తెలుస్తుంది?" అంది అక్క. "ఇద్దరూ మిరపకాయల్లో పుట్టారు."

నిజం. మా ఇల్లు మిర్చి యార్డు వెనక వీధిలో. మిరపకాయలు దిగే రోజుల్లో మా ఇంటికి వచ్చిన బంధువులు గడపలోనే తుమ్ముతారు, మేము ఏమైందని అడుగుతాం. యజమాని సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కారు పదకొండేళ్లు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో, మిరపకాయల బస్తాల పక్కన నిలబడింది. అక్క పుట్టింది గుంటూరులోనే అయినా పదిహేనేళ్ల చీరాల సముద్రపు గాలి ఆమె ముక్కును మార్చేసింది.

కారు పక్కకు ఆపి, గ్లవ్ బాక్సు విప్పి ఏసీ ఫిల్టరు బయటికి లాగాను. తెల్లగా ఉండాల్సిన కాగితం ఇటుక రంగులో ఉంది. మడతల్లో మెత్తటి ఎర్ర పొడి. యజమాని వేలితో తీసి, వాసన చూసి, నాలుక మీద వేసుకున్నాడు.

"మంచి రకమే," అన్నాడు.

రోడ్డు పక్కన నిలబడి నలుగురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ మనిషి మమ్మల్ని మోసం చేయాలనుకోలేదు. ఆయన పిల్లలు, మనవలు అందులోనే పెరిగారు, ఎవరూ తుమ్మలేదు. "ఫిల్టరు కొత్తది నేనే వేయిస్తానమ్మా," అన్నాడు వెంటనే. వేస్తే పోతుందా అని అక్క నా వైపు చూసింది. పోదని చెప్పాను. ఫిల్టరులో అంత ఉందంటే దాన్ని దాటి కూలింగ్ కాయిల్ మీద, గాలి గొట్టాల్లో కూడా ఉంటుంది. కాయిల్ కడగాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి.

తర్వాతి ఆదివారం ఒంగోలు వెళ్లాం. అదే స్కానరు, మీటరు, టార్చి, పట్టిక, చీర, గాజులు. కొత్తగా ఒక ఇత్తడి బిందె చేరింది. పెళ్లికూతురితో పాటు వెళ్లే సారె ఆమె కారులోనే వెళ్లాలని కొందరు పట్టుబడతారు. బిందె డిక్కీలో పడుతుందో లేదో చూడాలి.

ఆ కారు యజమాని గ్రానైట్ పలకలకు నునుపు పెట్టే యూనిట్ నడిపి మానేసిన పెద్దాయన. మోకాళ్లు సహకరించక, అంత కిందికి ఉన్న కారులో కూర్చుని లేవలేక అమ్ముతున్నాడు. కుర్చీలోంచే మాట్లాడాడు. "చూసుకోండి, తిప్పుకోండి, మీ ఇష్టం. నన్ను మాత్రం లేవమనకండి."

నా పట్టికలో తెల్ల కారు వెనకబడింది. తిరిగిన దూరం నల్లదానికి దాదాపు రెట్టింపు. ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు అరిగాయి. వెనక ఎడమ తలుపు మీద రంగు మందం మిగతా వాటికి మూడింతలు చూపించింది. ఆ సంగతి అడిగాను.

"మా బావమరిది గిత్త," అన్నాడు పెద్దాయన. "బండలాగుడు పోటీకి తీసుకెళ్తూ మా ఇంటి ముందు కట్టేశాడు. తలుపులో దాని బొమ్మ దానికే కనపడింది. ఇంకో గిత్తనుకుని ఒక్క కుమ్ము కుమ్మింది."

"కారు ఓడిందా?" అన్నాడు బావ.

"తలుపు ఓడింది. పోటీలో మాత్రం మా గిత్తే గెలిచింది."

తలుపు చుట్టూ ఉన్న స్తంభాలు, కింది చట్రం కొలిచి చూశాను. వంకర లేదు, కంపెనీ వెల్డింగ్ చుక్కలు అలాగే ఉన్నాయి. దెబ్బ రేకు వరకే. ఇంజను దగ్గరకు వస్తే నాకు వేరే రకం ముచ్చట కలిగింది. జర్మనీ ఇంజను చూస్తే తయారుచేసిన వాడి తెలివి కనిపిస్తుంది. ఈ ఇంజనులో అసలు మనిషే కనిపించడు. మూతలన్నీ మామూలుగా, ప్రతి భాగమూ చెయ్యి పట్టే చోట, మార్చడానికి వీలుగా. స్టార్ట్ చేస్తే ఆగి ఉందో నడుస్తోందో తెలియడానికి మీటరు వైపు చూడాల్సి వచ్చింది.

చీర పరీక్షలో బావకు లోపం దొరికింది. కుడి వెనక గడప మీది స్టీలు పట్టీ ఒక మూల లేచింది, జరీ పట్టింది. పోగు తెగకుండా ఆయన దాన్ని విడిపించిన తీరు చూస్తూ నిలబడిపోయాను. లాగలేదు. పోగు ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపే వెనక్కి నడిపించాడు. బిందె డిక్కీలో నిలబెడితే మూత పడలేదు. అక్క పక్కకు పడుకోబెట్టి, చుట్టూ బావ పాత పంచె ఒత్తింది. పడింది.

ఆ తర్వాత రోడ్డు మీదికి. చీమకుర్తి వైపు రాళ్ల లారీలు తిరిగి తిరిగి నలిగిపోయిన రోడ్డు కావాలని ఎంచుకున్నాం. అక్క కళ్లు మూసుకుంది. ఏసీ పూర్తిగా పెట్టాను. ఎవరూ తుమ్మలేదు. గుంతల మీద కారు మెల్లగా పైకి లేచి మెల్లగా దిగింది, పడవలా. మూడు నాలుగు చోట్ల మాత్రం అరిగిన బుష్‌లు టక్కుమన్నాయి. అప్పుడు గాజులు ఒకసారి కలిసి విడిపోయాయి. మిగతా దారంతా నిశ్శబ్దం. ఫోనులో గీతలు కూడా ఆమె గాజుల మాటే చెప్పాయి.

నిర్ణయం మద్దిపాడు దాటాక, రోడ్డు పక్కన టీ బంకు దగ్గర జరిగింది. బావ నల్లదాని వైపు. ఆయన కారణం సూటిది. "పెళ్లి వీడియోలో నల్లదే బాగుంటుంది. జనం అడిగేదీ అదే. తెల్ల కారు ప్రతి ఊళ్లో ఉంది."

"ఒరేయ్ తమ్ముడూ, నీ పట్టికలో ఏది గెలిచింది?"

"నల్లది అక్కా. కాయిల్ సంగతి పక్కన పెడితే."

"ఎందుకు పక్కన పెట్టాలి? కాయిల్ శుభ్రం చేయిస్తే ఆ ఘాటు పూర్తిగా పోతుందని రాసిస్తావా?"

"రాసివ్వలేను. గొట్టాల్లో ఎంత ఉందో విప్పితేగాని తెలీదు. మొదటి ముహూర్తానికి పని అవుతుందనీ చెప్పలేను."

అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అప్పగింతలయ్యాక పిల్ల ఏడుస్తూ ఎక్కుతుంది. ఏ పిల్లయినా సరే. నేను పలకరించను, పాట పెట్టను. ఏడవనిస్తాను. ఎక్కువ మందికి టోల్ గేటు దాకా ఉంటుంది. అది దాటాక ముక్కు చీదుకుని నీళ్లు అడుగుతారు. తర్వాత అద్దం చూసుకుంటారు, పూలు సర్దుకుంటారు. అత్తారింటి ముందు దిగేటప్పటికి మొహం తేటపడుతుంది. ఆ కాస్త దూరం కోసమే నన్ను పిలుస్తార్రా జనం. ఆ నల్ల కారులో ఆ పిల్లకి కన్నీళ్లు ఎక్కడ ఆగుతాయి? గుమ్మం దాకా కారుతూనే ఉంటాయి. దిగగానే అత్తగారు ఏమనుకుంటుంది? ఇష్టం లేని పెళ్లేమో అనుకోదూ?"

బావ టీ గ్లాసు దించి, "నల్లగా ఉంటే బాగుండేది," అన్నాడు.

"నువ్వు నల్లగానే ఉన్నావుగా, ముందు సీట్లో కూర్చో. సరిపోతుంది."

టీ పోసే ఆయన కూడా నవ్వాడు. నేను పట్టిక తీసి, నాలుగో పేజీ చివర ఖాళీ గీతలో ఏసీ గాలి అని చేర్చాను. పక్కన అత్యధిక మార్కులు పెట్టాను. ఆ ఒక్క వరసతో మొత్తం తారుమారైంది. నాకు అందులో ఇబ్బంది ఏమీ అనిపించలేదు. ఏ పనికి కారు కావాలో తేలాకే మార్కులకు అర్థం వస్తుంది. ఆ పని అక్క చెప్పినంత స్పష్టంగా నాకు ఏ డ్రాయింగులోనూ కనపడలేదు.

తెల్ల కారు చీరాల వచ్చింది. రెండు శనివారాలు దాని కింద పడుకుని బుష్‌లు మార్చాను. బావ గడప పట్టీ లేచిన మూలను నున్నగా రాసి, అతికించి, చీర అంచుతో పదే పదే తుడిచి చూశాడు. నల్ల కారును యార్డులో దుకాణం ఉన్న ఒకాయన కొనుక్కున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడని విన్నాను. వాళ్లింట్లోనూ ఎవరూ తుమ్మరు.

మొదటి ముహూర్తం వినుకొండ దగ్గర ఒక పల్లెలో. పెళ్లికూతుర్ని మంగళగిరి చేర్చాలి. కొత్త బుష్‌ల చప్పుడు వినడానికి నన్నూ ముందు సీట్లో కూర్చోమంది అక్క. పెళ్లికూతురి తండ్రి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నల్ల బండి అనుకున్నామే? మా ఊరి ప్రెసిడెంటుదీ తెల్లదేనమ్మా."

"ఆయన కారులో కూర్చున్నారా బాబాయి గారూ?"

"ఆ, చాలాసార్లు."

"ఇందులోనూ ఒకసారి కూర్చోండి."

ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. తలుపు వేశాను. బయట సన్నాయి, డప్పులు, జనం గోల. కిటికీ అద్దంలోంచి చూస్తే ఆయన ముఖం మారుతోంది. లోపలికి ఏమీ వినపడటం లేదు. ఆయన కాసేపు అలాగే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. దిగేటప్పుడు రంగు మాట ఎత్తలేదు. "నిదానంగా తీసుకెళ్లమ్మా," అని మాత్రం అన్నాడు.

పొలాల మధ్య దారి. రెండు వైపులా ఆరబోసిన మిరపకాయలు, కోత అయిన పత్తి చేలు. పెళ్లికూతురు ఏడుస్తోంది. పెళ్లికొడుకు ఏం చేయాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్క ఒక్క మాటా మాట్లాడలేదు. వెనక చూసే అద్దాన్ని పైకి తిప్పేసింది. కారు ముందున్న ట్రాక్టరుకు హారన్ కొట్టకుండా, అది పక్కకు తప్పుకునే చోటు వచ్చేదాకా దాని వెనకే నడిచింది. స్పీడ్ బ్రేకర్ ముందు వేగం ఎప్పుడు తగ్గిందో నేను పట్టుకోలేకపోయాను. దాని మీద కారు ఎక్కి దిగింది, గాజుల చప్పుడు లేదు. బుష్‌ల చప్పుడూ లేదు. అలా నడిపేవాళ్లు ఉన్నారని తెలిస్తే ఆ కారు తయారుచేసిన వాళ్లు ఆ రోజు సెలవు తీసుకుని చూడటానికి వచ్చేవాళ్లు.

టోల్ గేటు దాటాం. అక్క లెక్క ఈసారి కొంచెం తప్పింది. ఇంకాస్త దూరం పోయాక వెనక నుంచి సన్నటి గొంతు వినపడింది.

"అక్కా, నీళ్లున్నాయా?"

తలుపు పక్కన సీసా ఉందని అక్క చెప్పింది. సీసా మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి, అంతసేపు మూగగా ఉన్న గాజులు ఒక్కసారిగా గలగలమన్నాయి. నేను ఉలిక్కిపడి రోడ్డు వైపు చూశాను. రోడ్డు నున్నగా ఉంది. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. పెళ్లికూతురు చేతులెత్తి జడలో పూలు సర్దుకుంటోంది.

మంగళగిరిలో దిగేటప్పుడు ఆ అమ్మాయి కళ్లు తేటగా ఉన్నాయి.

ఆ తర్వాత అక్క ట్రావెల్స్ వైపు వెళ్లాల్సిన పని పడలేదు. మొన్నటి ముహూర్తంతో కలిపి ఆ కారు అత్తారింటికి చేర్చిన పెళ్లికూతుళ్లు నలభై ముగ్గురు.